ఆషాఢంలో వచ్చిన ఉత్తరం

పోయిన వారం ప్రణీతని బేస్‌మెంట్ మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. చేతుల్లో ఉతికిన బట్టల బుట్ట, ఎదురుగా డ్రైవ్‌వేలో రష్మి కారు. షెల్టర్‌లో ఉన్న పదకొండు నెలలూ ప్రణీత కాగితాలన్నీ చూసింది ఈ రష్మే. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, ఇరవై ఆరేళ్లుంటాయి. మనసు మంచిదే గానీ ఆదివారం పూట ఫోన్ కూడా ఎత్తదు. అలాంటిది చెప్పాపెట్టకుండా ఈ ఐసెలిన్ ఊరి దాకా డ్రైవ్ చేసుకొచ్చిందంటే తీపి కబురు తెచ్చి ఉండదని మీరూ అనుకున్నారు, ప్రణీతా అనుకుంది.

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. మాచర్ల పక్క పల్లెలో పుట్టిన ప్రణీత, తన వాళ్లు గడప తొక్కనివ్వని కులంలో పుట్టిన రాజీవ్‌ని పెళ్లి చేసుకుంది. ఏడేళ్లు ఆగి మరీ ఆమె సొంత అన్న అతన్ని బస్టాండులో నరికించాడు. తర్వాతి వంతు తనదీ, బిడ్డదీ అని తెలిసి, కూతురు అనికని వెంటబెట్టుకుని ఎన్నో దేశాలు దాటి, చివరికి అమెరికా సరిహద్దు దాటి, ఆశ్రయం ఇమ్మని అర్జీ పెట్టుకుంది. హైవే పక్కన ఒక పాత మోటెల్‌ని షెల్టర్ చేశారు. అందులో ఒక్క గదిలో ఉన్నారు తల్లీకూతుళ్లు. అక్కడ పొయ్యి వెలిగించకూడదు, ట్రేలో వచ్చిందే తినాలి. జూలై ఇరవై ఐదున చక్రపాణి, పద్మల ఇంటి బేస్‌మెంట్‌లోకి అద్దెకు మారారు. సొంత తలుపు, సొంత తాళం, ఒక ఇండక్షన్ పొయ్యి. ఇక గట్టెక్కినట్టే అనుకున్నారు. ఇల్లు అలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అనలేదు.

"అక్కా, నువ్వు ఫస్ట్ కూర్చో," అంది రష్మి లోపలికొస్తూనే.

"కూర్చుంటే తగ్గే కబురైతే కూర్చుంటాలే. చెప్పు."

టేబుల్ దగ్గర అనిక స్టీలు స్కేలు పెట్టి ఏవో గీతలు గీసుకుంటోంది. ఎనిమిదేళ్ల పిల్ల. షెల్టర్‌లో ఏ ఉత్తరం వచ్చినా ఆ స్కేలుతో కవరు కోసి, ఇంగ్లీషు చదివి, తల్లికి తెలుగులో చెప్పేది ఆ పిల్లే. అదొక ఉద్యోగం దానికి. ఈ ఇంటికి వచ్చాక ఉత్తరాలే రావడం లేదని రెండుసార్లు అలిగింది కూడా. ఉత్తరం రాకపోతే అంతకన్నా సుఖం ఏముందని ప్రణీత నవ్వి ఊరుకుంది.

రష్మి పిల్ల వైపు చూసి గొంతు తగ్గించింది. "కోర్ట్‌లో నీ కేస్ క్లోజ్ అయింది అక్కా. జడ్జ్ రిమూవల్ ఆర్డర్ ఇచ్చేశాడు. అంటే... వెనక్కి పంపాలి అని."

"నా హియరింగ్ ఫిబ్రవరిలో కదా?"

"ముందుకి మార్చారు. ఆగస్ట్ నైన్టీన్త్, మార్నింగ్ ఎయిట్ థర్టీ. నువ్వు వెళ్లలేదు. వెళ్లకపోతే ఆటోమేటిక్‌గా ఆర్డర్ ఇస్తారు."

ఆగస్టు పంతొమ్మిది ప్రణీతకి బాగా గుర్తుంది. శ్రావణ మంగళవారం. పద్మకి తెలిసినవాళ్ల ఇంట్లో ఏదో వేడుకంటే బొబ్బట్లు చేసిపెడతానని మాటిచ్చి పొద్దున్నే పైకెళ్లింది. ఎనిమిదిన్నరకి అక్కడెవరో న్యాయమూర్తి తన పేరు పిలిచినప్పుడు తను ఇక్కడ శనగపప్పు ఉడికిందో లేదోనని వేలితో నొక్కి చూస్తోంది. ఆ రోజు పూర్ణం చాలా బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు.

"నాకు ఎవరూ చెప్పలేదే," అంది చివరికి.

"లెటర్స్ పంపారు. టూ లెటర్స్. నీకు అప్పుడు లాయర్ లేడు కదా, అందుకని డైరెక్ట్‌గా ఈ అడ్రస్‌కే పంపారు. ఒకటి కోర్ట్‌కి రిటర్న్ వచ్చింది. రెండోది రిటర్న్ రాలేదు." రష్మి తన ఫోన్ తీసి చూపించింది. "ఫ్రైడే మా ఆఫీస్‌లో కొత్త లాయర్ నీ ఫైల్ చూశాడు. ఇది అందులో ఉంది."

తెల్ల కవరు ఫొటో. దాని మీద ప్రణీత పేరు. ఆ పేరు మీద అడ్డంగా గీత, పక్కన నీలం పెన్నుతో ఒక ఇంగ్లీషు వాక్యం. ఈ మనిషి ఇక్కడ ఉండడం లేదు అని దానర్థమని రష్మి చెప్పింది. చెప్పకపోయినా ప్రణీతకి ఆ రాత తెలుసు. కుడిపక్కకి ఒరిగిన ఆ అక్షరాలే బేస్‌మెంట్‌లో కరెంటు స్విచ్చుల పెట్టె మీద ఉన్నాయి. చెత్త డబ్బా మూతల మీద ఉన్నాయి. ఏ డబ్బా ఏ రోజు బయట పెట్టాలో చక్రపాణి తన చేత్తో రాసి అంటించాడు.

"డేట్ చూడు, జూలై ట్వెల్త్. నువ్వు జూలై ఫస్ట్ నుంచి ఇక్కడే ఉన్నావు కదా? ఆ రోజు నీకు కీస్ ఇచ్చి, కోర్ట్‌కి అడ్రస్ చేంజ్ పేపర్ పంపించేసి నేను వన్ మంత్ వెకేషన్‌కి వెళ్లాను. ఫైవ్ డేస్‌లో చెప్పాలి, అది రూల్. మరి ఆయన ఇలా ఎందుకు రాశారు?"

ప్రణీత బుట్టలోంచి అనిక గౌను తీసి మడతపెట్టింది. అది మడతపెట్టాక ఇంకోటి తీసింది. "నేను లేను రష్మీ. ఇరవై ఐదు దాకా షెల్టర్‌లోనే ఉన్నా."

"వాట్? ఎందుకు?"

"పెయింట్ వాసన, పిల్లకి ఆయాసం అని ఫ్రంట్ డెస్క్‌లో చెప్పా. కొన్నాళ్లు ఉండనిచ్చారు. నిజానికి పెయింట్ కాదు. ఆషాఢం."

"ఆషాఢం అంటే?"

"అదొక నెల. ఆ నెలలో కొత్తింట్లోకి వెళ్లరు."

రష్మి నోరు తెరిచి, ఏదో అనబోయి, మానేసింది. అలా మానేసినందుకు ఆ పిల్లకి దండం పెట్టాలి. ఏమనాలో అంతా ప్రణీత తనకి తనే అనుకుంటోంది అప్పటికే.

ఇక్కడ ఆవిడ మీద కోప్పడేవాళ్లు ఒక్క సంగతి వినాలి. ప్రణీత, రాజీవ్ పెళ్లి చేసుకున్నది ఆషాఢంలోనే. ఆ నెలలో ఎవరూ పెళ్లి చేసుకోరు గనక అన్న కాపలా సడలించాడు. అదే అదనుగా ఇద్దరూ గుంటూరు వెళ్లి రిజిస్ట్రార్ ముందు సంతకాలు పెట్టారు. పట్టింపుల్లేని రాజీవ్ ఆ తెలివికి ఏడేళ్లు మురిసిపోయాడు. బస్టాండులో అతని చెప్పులు ఏరుకున్న రోజు నుంచి ప్రణీతకి ఆ నెల పేరు వింటే ఒళ్లు జలదరిస్తుంది. మూఢనమ్మకమంటే అననివ్వండి. ఈసారి బిడ్డతో పెట్టే అడుగు మంచి రోజున పెట్టాలని, జీవితంలో ఆ ఒక్కటీ తన ఇష్టప్రకారం జరగాలని ఆశపడింది. రష్మికి చెబితే నవ్వుతుందని సిగ్గుపడి పెయింట్ వాసన అని అబద్ధమాడింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

"సరే అక్కా, విను," అంది రష్మి. ఇప్పుడు ఆమె గొంతులో కోపం లేదు, తొందర ఉంది. "ట్యూస్‌డే నీకు ఇమ్మిగ్రేషన్ ఆఫీస్‌లో చెకిన్ ఉంది, వెళ్లి కనపడాలి. వెళ్తే అక్కడే పట్టుకుంటారు. వెళ్లకపోతే ఇక్కడికొచ్చి పట్టుకుంటారు. కానీ మండే ఈవెనింగ్ లోపల, కేస్ మళ్లీ ఓపెన్ చెయ్యమని మనం ఫైల్ చేస్తే, జడ్జ్ డిసైడ్ చేసేదాకా నిన్ను పంపలేరు."

"చెయ్యి మరి."

"చేస్తే సరిపోదు. కోర్ట్ ఏమంటుంది? నువ్వే ఈ అడ్రస్ ఇచ్చావు, ఇక్కడ లేవు, నీ తప్పు అంటుంది. అందుకని చక్రపాణి అంకుల్ ఒక స్టేట్‌మెంట్ ఇవ్వాలి. జూలై ఫస్ట్ నుంచి ఇల్లు ఆమెదే, లెటర్ నేనే రిటర్న్ పంపాను, ఆమెకి చెప్పలేదు, ఏ లెటరూ ఆమెకి అందలేదు అని. లాయర్ టైప్ చేసి ఇచ్చాడు. సైన్ పెడితే చాలు." ఒక కాగితం తీసి టేబుల్ మీద పెట్టింది. "రెండో లెటర్ ఏమైందో కూడా కావాలి. నేను పైకి వచ్చి అడగనా?"

"వద్దు. నిన్ను చూస్తే గవర్నమెంటు మనిషి వచ్చిందనుకుని బెదిరిపోతారు. నేనే అడుగుతా."

సాయంత్రం ఆరింటికి వచ్చి కాగితం తీసుకుంటానని చెప్పి రష్మి వెళ్లిపోయింది. అప్పటికి టైము మూడున్నర.

పైన డైనింగ్ టేబుల్ దగ్గర పద్మ పెరట్లోంచి కోసుకొచ్చిన గోంగూర వలుస్తోంది. చక్రపాణి అప్పుడే గడ్డి కోసి వచ్చి మంచినీళ్లు తాగుతున్నాడు. తెనాలి నుంచి వచ్చి ఇక్కడ పదహారేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మనిషి. నెమ్మదస్తుడు. ఒకరి జోలికి పోడు, తన జోలికి ఎవరూ రాకూడదనుకుంటాడు. పద్మని అక్కా అని పిలుస్తుంది గనక ప్రణీత ఆయన్ని బావగారూ అంటుంది. అన్నయ్యా అని పిలవమని ఆయన ఒకటి రెండుసార్లు చెప్పాడు. ఆ పిలుపు ప్రణీత నోట రాదు.

"బావగారూ, జూలైలో నా పేరు మీద ఉత్తరం ఏమైనా వచ్చిందా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "వచ్చింది."

"తిప్పి పంపేశారా?"

"నువ్వప్పటికి లేవు కదమ్మా. లేనివాళ్ల ఉత్తరం మన దగ్గర ఉంచుకోకూడదు. లేరని రాసి పంపాను. అందులో అబద్ధమేముంది?"

అబద్ధం లేదు. వచ్చిన చిక్కంతా అదే. ప్రణీత నిలబడే మొత్తం చెప్పింది. ఆగస్టు పంతొమ్మిదీ, ఆర్డరూ, మంగళవారం చెకినూ. చెబుతుంటే పద్మ చేతులు గోంగూర మీద ఆగిపోయాయి.

"అయ్యో," అన్నాడు చక్రపాణి. నిజంగానే అన్నాడు. "నేనలా అనుకోలేదమ్మా. మెయిల్‌బాక్స్‌లో ఆ కోర్టు ముద్ర చూడగానే నా పేరు మీదేమోనని హడలిపోయాను. నీదని తెలిశాక కూడా అది ఇంట్లో ఉంచాలనిపించలేదు. పోస్ట్‌మ్యాన్ వెళ్లకముందే రాసిచ్చేశాను."

"నాకొక్క ఫోన్ చేసుంటే..."

"చెయ్యాల్సింది. చెయ్యలేదు."

ప్రణీత కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు తెచ్చుకుని కుర్చీలో కూర్చుని, ఆఫీసు కాగితం చదివినంత శ్రద్ధగా రెండుసార్లు చదివాడు. తర్వాత అద్దాలు తీసి తుడుచుకున్నాడు. అప్పుడే ప్రణీతకి జవాబు తెలిసిపోయింది.

"ఈ బేస్‌మెంట్ అద్దెకివ్వడానికి టౌన్‌షిప్ ఆఫీసు పర్మిట్ లేదు. నీకు తెలుసుగా. దీని మీద సంతకం పెడితే నేనే నా చేత్తో కోర్టుకి రాసిచ్చినట్టు. పైగా ఇంకొకరి ఉత్తరం ఆపానని కూడా. నా గ్రీన్‌కార్డ్ ఫైల్ ఇప్పుడే కదిలింది. పదహారేళ్లకి కదిలింది. తాను దూర సందు లేదు, మెడకో డోలన్నట్టు... నా బతుకే వాళ్ల చేతుల్లో ఉందమ్మా."

"మీ ఫైల్‌కీ దీనికీ సంబంధం ఉండదని లాయర్ అన్నాట్ట."

"లాయర్లు అలాగే అంటారు. నీకూ ఐదు రోజుల్లో అడ్రస్ రాసిస్తే చాలనే అనుంటారు." అని, ఆ మాట అన్నందుకు నొచ్చుకున్నాడేమో, గొంతు తగ్గించాడు. "ఒకటో తారీకునే వచ్చెయ్యమని నేను చెప్పానా లేదా? నువ్వే కదా శ్రావణం దాకా రానన్నావు?"

"నేనే అన్నాను."

"ఆ పిల్లనొక్కదాన్నే అనకండి. నేనూ సరే అన్నాను," అంది పద్మ తలెత్తకుండా.

"రెండు ఉత్తరాలు వచ్చాయట. రెండోదేమైంది బావగారూ?"

"రెండోదా? నాకు తెలీదు. ఒట్టు. నాకు వచ్చింది ఒక్కటే." పద్మ వైపు తిరిగాడు. "నీకేమన్నా కనపడిందా?"

పద్మ ఒక కాడ తీసుకుని ఆకులన్నీ ఒక్కసారే దూసేసింది. "నాకేం తెలుసు, మెయిల్ తీసేది మీరేగా," అంది.

కూర్చుంటే ఇక లేవలేనని ప్రణీత కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. చక్రపాణి ఆమె మొహం చూడలేక కాగితం వైపు చూస్తూ అన్నాడు. "నిన్ను సొంత చెల్లెలనుకున్నానమ్మా. అన్నలాంటివాణ్ణి. నన్ను ఇందులోకి లాగకు."

"నాకు అన్న ఉన్నాడు బావగారూ," అంది ప్రణీత. గొంతు పెంచలేదు. "వాళ్లు నన్ను విమానం ఎక్కిస్తే దిగేది ఆయన దగ్గరే. నా సంగతి వదిలెయ్యండి. అనిక రాజీవ్ కూతురు. దాన్ని ఆయన బడికి పంపడు."

చక్రపాణి లేచి గరాజ్‌లోకి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ కాగితం తీసుకెళ్లాడు. చింపడానికో, ఇంకోసారి చదవడానికో ప్రణీతకి అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేదు.

కిందికొచ్చి మంచం మీద కూర్చుంది. ఈ మంచం ఎదురుగానే, ఇంట్లో దిగిన ఆ శుక్రవారం పాలు పొంగించింది. ఊళ్లో అయితే మొగుడు పోయినదానివి, నువ్వు పాలు పొంగించడమేంటనేవాళ్లు. పద్మ అనలేదు. కొత్త గిన్నె తెచ్చి, పసుపు రాసి, నీ ఇంటికి నువ్వే పొంగించుకోవాలి అని చేతికిచ్చింది. పాలు పొంగి పొయ్యి మీద పడి పొగ లేచి ఫైర్ అలారం మోగింది. మంగళవాద్యాలు లేవన్న లోటు తీరిందని పద్మ నవ్వితే ప్రణీత కూడా నవ్వింది. రాజీవ్ పోయాక అంతలా నవ్వడం అదే మొదలు. ఇప్పుడా నవ్వు గుర్తొస్తే తన మీద తనకే అసహ్యం వేసింది. మంచి రోజట. ఆ ఇరవై నాలుగు రోజులూ ఆ మోటెల్ గదిలో కేలెండర్ మీద గీతలు కొట్టుకుంటూ కూర్చుంది. మొదటి రోజే వచ్చేసి ఉంటే ఉత్తరం తన చేతికే వచ్చేది. రాజీవ్ ఉంటే ఏమనేవాడో కూడా తెలుసు. నీ ఆషాఢం నన్ను చంపలేదే, మీ అన్న చంపాడు అనేవాడు.

"అమ్మా, ఆకలేస్తోంది," అంది అనిక.

లేచి అన్నం పెట్టింది. పిల్ల తింటుంటే పక్కన కూర్చుని, దాని స్కూలు బ్యాగులో ఏయే బట్టలు పడతాయోనని ఆలోచించింది. ఇంకెక్కడికో పారిపోదామన్న ఆలోచన కూడా వచ్చింది. కానీ ఎక్కడికి? ఈ దేశంలో ఆమెకి తెలిసిన మనుషులు ముగ్గురు. ఒకరు కారేసుకుని వెళ్లిపోయారు, ఇద్దరు పైన ఉన్నారు.

ఐదుంబావుకి లోపలి మెట్ల తలుపు చప్పుడైంది. పద్మ దిగింది. ఒక చేతిలో గోంగూర పచ్చడి గిన్నె, రెండో చెయ్యి చున్నీ కింద. గిన్నె టేబుల్ మీద పెట్టి, చున్నీ తీసింది. చేతిలో తెల్ల కవరు.

"ఆయన తప్పేం లేదమ్మాయ్," అంది. "ఆయన తిప్పి పంపింది ఒకటే. ఇది రెండోది. నేనే తీశాను."

ప్రణీత కవరు అందుకుంది. తన పేరు, ఈ ఇంటి నంబరు, మూలన అదే ముద్ర. కవరు అంటించినది అంటించినట్టే ఉంది. ఒక అంచున మాత్రం పసుపు మరక.

"ఎప్పుడొచ్చింది?"

"నువ్వు రావడానికి మూడు రోజుల ముందు. ఆయనకి చూపిస్తే ఇది కూడా తిప్పి పంపేస్తారు. పాపం, నువ్వొచ్చాక నీ చేతికే ఇద్దామని దేవుడి గదిలో పంచాంగం కింద పెట్టాను. తీరా నువ్వొచ్చింది శ్రావణ శుక్రవారం. పాలు పొంగించే పూట గవర్నమెంటు కాయితం చేతిలో ఎందుకు పెట్టాలి, రేపిద్దాం అనుకున్నా. మర్నాడు శనివారం. ఆ తర్వాత వరలక్ష్మీ వ్రతం పనులు. ఒట్టు ప్రణీతా, మర్చేపోయాను. వినాయక చవితికి పంచాంగం తీస్తే కనపడింది. అప్పటికే నెల దాటింది. ఏ మొహం పెట్టుకుని ఇవ్వను?"

ప్రణీతకి ఆవిడని కొట్టాలనిపించింది. వాటేసుకుని ఏడవాలనీ అనిపించింది. తను మంచి రోజు కోసం ఆగింది, ఈవిడా మంచి రోజు కోసమే ఆగింది. ఇద్దరూ కలిసి ఒక పిల్ల ప్రాణం మీదికి తెచ్చారు.

"అక్కా, ఈ మాట కోర్టుకి రాసివ్వు. నీ సంతకం చాలేమో."

"ఆయనకి తెలియకూడదు!" పద్మ ఆమె మణికట్టు పట్టుకుంది. "పదహారేళ్లుగా తలుపు చప్పుడైతే ఉలిక్కిపడే మనిషి. ఇందాక ఆయన ఎదురుగానే నాకు తెలీదన్నాను. కోర్టు కాయితం ఇంట్లో నెలన్నర దాచానంటే ఇక జన్మలో నా మొహం చూడరు. ఎక్కడో దొరికిందని చెప్పుకో. నా పేరు ఎత్తనని ఒట్టెయ్. అనిక మీద ఒట్టెయ్, అప్పుడే నీకిస్తా." నిజానికి కవరు అప్పటికే ప్రణీత చేతిలో ఉంది. కానీ ఆ చేతుల్ని వదిలించుకోవాలి, రష్మికి ఫోన్ చెయ్యాలి, టైము అయిపోతోంది. ప్రణీత చెయ్యి చాచి అనిక తల మీద పెట్టింది.

"ఒట్టు. నీ పేరు ఎత్తను."

పద్మ మంచం మీద కూలబడి చున్నీలో మొహం దాచుకుంది. బేస్‌మెంట్‌లో ఫోన్ సిగ్నల్ దొరికేది ఒక్క కిటికీ దగ్గరే. ప్రణీత కవరు టేబుల్ మీద పెట్టి, కిటికీ కింద స్టూలెక్కి రష్మికి ఫోన్ చేసింది.

"రష్మీ, రెండో ఉత్తరం దొరికింది. ఇక్కడే ఉంది. ఎవరూ చింపలేదు, అంటించినట్టే ఉంది."

అవతల రష్మి గట్టిగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. "ఓ మై గాడ్. అక్కా, అది గోల్డ్! నువ్వు చూడలేదు అనడానికి అదే ప్రూఫ్. ఓపెన్ చెయ్యొద్దు. వినిపిస్తోందా? ఎవరూ ముట్టుకోవద్దు. నేను స్టార్ట్ అవుతున్నా, అలాగే లాయర్‌కి..."

వెనక సర్రుమని చప్పుడైంది.

ప్రణీత తిరిగి చూసింది. అనిక ఒక చేత్తో స్టీలు స్కేలు, రెండో చేత్తో కాగితం పట్టుకుని నిలబడి ఉంది. కవరు పై అంచు శుభ్రంగా, ఎక్కడా వంకర లేకుండా కోసేసింది. ఎన్నాళ్లకో ఉద్యోగం దొరికిన సంబరం ఆ మొహంలో.

"అమ్మా, ఇది కోర్ట్ నుంచి! ఆగస్ట్ నైన్టీన్, ఎయిట్ థర్టీ ఏఎం. యూ మస్ట్ అప్పియర్ అంట. అంటే వెళ్లాలి," అని చదివి, వేళ్లు మడిచి లెక్క చూసుకుని, కనుబొమలు ముడిచింది. "కానీ అది అయిపోయింది కదమ్మా?"

ప్రణీత స్టూలు దిగింది. తిట్టడానికి నోరు రాలేదు. ఏమని తిడుతుంది, నేర్పింది తనే. వెళ్లి పిల్లని దగ్గరికి లాక్కుని తల మీద చెయ్యి వేసింది. ఫోన్లో రష్మి హలో హలో అంటూనే ఉంది.

పద్మ వస్తూ మెట్ల తలుపు తెరిచే ఉంచింది. ఆ మెట్ల మీద ఇప్పుడు చక్రపాణి నిలబడి ఉన్నాడు. వీళ్లు వచ్చాక ఆయన ఏనాడూ కిందికి దిగలేదు. చేతిలో రష్మి ఇచ్చిన కాగితం, దాని అడుగున నీలం సిరాతో సంతకం. గరాజ్‌లో ఒక్కడూ గంటన్నర కూర్చుని తన పదహారేళ్లనీ పక్కన పెట్టి పెట్టిన సంతకం అది.

ఆయన చూపు అనిక చేతిలోని కాగితం మీద పడింది. తర్వాత టేబుల్ మీది కోసిన కవరు మీద, దాని మూలన ఉన్న ముద్ర మీద పడింది.

"నీకు ఉత్తరం అందనే లేదని రాసుంది దీంట్లో," అన్నాడు. కాగితాన్ని మధ్యకి మడిచాడు. "చదివే సంతకం పెట్టాను."

"బావగారూ, అది ఇప్పుడే..."

"ఇవాళ పోస్టు రాదమ్మా, ఆదివారం." కాగితం ఇంకో మడత పడింది. "నా చేత అబద్ధపు సంతకం పెట్టించావా? ఎక్కడిది ఇది? నీకెవరిచ్చారు?"

ప్రణీత పద్మ వైపు చూసింది. పద్మ చున్నీలోంచి మొహం ఎత్తలేదు. చక్రపాణి మడిచిన కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"నిన్నే అడుగుతున్నాను. ఎవరిచ్చారు?"

ప్రణీత నోరు తెరిచింది. ఆమె చెయ్యి ఇంకా అనిక తల మీదే ఉంది.